వంపు గాజు మూలల్లో అల్లిక అచ్చు: స్టీలు గుడ్డ ఎంత బిగించాలి?

తణుకు_టెంపరింగ్:
బస్సు వెనక అద్దాలు వంచి టెంపర్ (వేడి చేసి గాలితో వేగంగా చల్లార్చి గట్టిపరచడం) చేస్తున్నాం. గాజు 5 మి.మీ., సైజు 1.8 × 0.8 మీటర్లు. గాజుని మోసే మైల్డ్ స్టీలు రింగు మీద, గాజుకి మరక పడకుండా, 12 మైక్రాన్ల 316ఎల్ (ఒక రకం స్టెయిన్‌లెస్ స్టీలు) నారతో అల్లిన గుడ్డ. రింగు, గాజు రెండూ కలిసే ఫర్నేసులోకి వెళ్తాయి, చివర 640 డిగ్రీలు. అంచుల్లో ఏ ఇబ్బందీ లేదు, మూలల్లోనే అల్లిక కళ్ళు గాజు మీద దిగిపోతున్నాయి. ముడత రాకూడదని అక్కడ గట్టిగా లాగి కట్టిస్తున్నాం. తేడా గుడ్డలోనా, కట్టడంలోనా? పాతబడేకొద్దీ గుడ్డ బిరుసెక్కిపోతోంది కూడా, ఎందుకండీ?

కాకినాడ_మెటలర్జీ:
కట్టడంలోనే అండి. నరసాపురం లేసు లాగి చూడండి, దారం సాగదు, కన్ను సాగుతుంది. ఇదీ అంతే. స్టీలు నార సొంతంగా సాగేది చాలా తక్కువ. గుడ్డ సాగినట్టు కనిపించేదంతా కళ్ళు ఆకారం మార్చుకోవడమే. అందుకే మొదట చిన్న లాగుడికే బాగా వస్తుంది, కళ్ళు తిన్నగా అయ్యాక ఒక్కసారిగా బిగుసుకుంటుంది. అక్కడితో మందం తగ్గి, మెత్తదనం పోయి, నూలు మీద నూలు ఎక్కే చుక్కల మీదే గాజు ఆనుతుంది.

మూలలోనే ఎందుకంటే, రెండు వైపులా లాగితే కంటికి మారే చోటుండదు. పైగా బరువు లెక్క చూడండి. 5 మి.మీ. గాజు చదరపు మీటరుకు 12.5 కేజీలు, మీ అద్దం 18 కేజీలు. చుట్టూ సమంగా ఆనితే మీటరుకు మూడున్నర కేజీలే. కానీ వంగకముందు గాజు చదునుగా ఉంటుంది, ఆ బరువంతా రింగు ఎత్తుగా ఉన్న కొసల మీదే పడుతుంది.

సాదా అల్లిక అడ్డంగా ఎక్కువ, నిలువుగా తక్కువ సాగుతుంది. ఎక్కువ సాగే వైపు రింగు పొడవునా వచ్చేలా కత్తిరించండి. గుడ్డ మీద 100 మి.మీ. ఎడంలో రంగు దారం రెండు గుర్తులు కుట్టండి (సుద్ద వద్దు, దాని పొడి గాజుకి అంటుతుంది). కట్టాక 103–105 ఉంటే అక్కడినుంచి మొదలెట్టండి. మూలలో 115 వస్తే కళ్ళు చచ్చినట్టే. సరిచూశాక దారాలు లాగేయండి.

తణుకు_టెంపరింగ్:
అంత వదులైతే వేడికి జారదా?

కాకినాడ_మెటలర్జీ:
600 డిగ్రీల తేడాకి 316ఎల్ గుడ్డ మీటరుకు దాదాపు 11 మి.మీ., మైల్డ్ స్టీలు రింగు 8–9 మి.మీ. పెరుగుతాయి. తేడా 2 మి.మీ. చిల్లర. 100కి 103 అంటే మీటరుకు ముందే 30 మి.మీ. లాగి ఉంచినట్టు, అందులో కలిసిపోతుంది. అసలు జారుడు వేరే చోట. చల్లగా ఉన్నప్పుడు వంచిన నార వేడికి ఆ వంపునే స్థిరం చేసుకుంటుంది, బిగింపు సడలుతుంది. అందుకే మొదటి వేడి గాజు లేకుండా ఇవ్వండి, కొత్త గుడ్డలోని నూనె, జిగురు కూడా కాలిపోతాయి. చల్లారాక మళ్ళీ సర్ది కట్టాలి. కింద బిగింపు పట్టీ కన్నా స్టీలు తీగతో వంకరటింకరగా అల్లి కట్టడం మేలు, లాగుడు తనంతట సమానమవుతుంది.

మొగల్తూరు_క్వాలిటీ:
బిరుసు సంగతి. 12 మైక్రాన్ల నారకి పైపొరే ఎక్కువ. ఆక్సైడు పట్టి, నారలు ఆనుకున్న చోట అతుక్కుంటాయి, ఒకదాని మీద ఒకటి జారవు. ఉప్పు చేరితే ఇంకా త్వరగా. మా తీరం వైపు బోరు నీళ్ళు ఉప్పగా ఉంటాయి, గాజు ఆఖరి కడుగు ఆర్వో నీళ్ళతో ఉండాలి. గుడ్డని చెమట చేతుల్తో ముట్టనివ్వకండి, పాలిథిన్‌లో మూసి పెట్టండి.

అత్తిలి_గ్లాసు:
ఐరన్-క్రోమియం-అల్యూమినియం నారకి మారితే?

కాకినాడ_మెటలర్జీ:
దాని అసలు బలం 900 డిగ్రీల పైన. మీ వేడికి ఒరిగేది తక్కువ, 475 డిగ్రీల దగ్గర ఎక్కువసేపు ఉంటే పెళుసెక్కే గుణం కూడా ఉంది.

మొగల్తూరు_క్వాలిటీ:
కొత్త రోలు వస్తే స్ట్రిప్ కోసి లాగి చూడకండి. అల్లిక గుడ్డ నడుం సన్నబడుతుంది, అంచులు చుట్టుకుంటాయి, అంకె నమ్మలేం. సరఫరాదారుని ఐఎస్ఓ 13938 బర్స్టింగ్ (గుడ్డని ఉబ్బించి పగిలేదాకా చూసే పరీక్ష) ఫలితం అడగండి. మీ దగ్గరైతే ఒకే సైజు ముక్క పాతదీ కొత్తదీ గుండ్రటి చట్రంలో బిగించి, మధ్యలో కేజీ బరువు పెట్టి ఎంత దిగిందో కొలవండి. పాతది సగమే దిగితే మార్చేయండి.