అప్‌డేట్: మన గేదె పాలతో పనీర్ చివరికి కుదిరింది

రెండు నెలల క్రితం అడిగాను కదా, మా ఆరు గేదెల పాలు కేంద్రానికి పోస్తే గిట్టుబాటు కావట్లేదు, పనీర్ చేద్దామంటే రబ్బరులా గట్టిగా వస్తోంది, ఏం చేయాలి అని. జవాబులిచ్చిన వాళ్లందరికీ చాలా థ్యాంక్స్, తప్పు ఎక్కడుందో దొరికింది.

పాలు తెర్లుతుండగానే నిమ్మరసం పోసేసేవాణ్ణి. ఇప్పుడు 90 డిగ్రీల దాకా కాచి, ఐదు నిమిషాలుంచి, పొయ్యి మీద నుంచి దించేసి 75కి వచ్చాక పోస్తున్నా. నిమ్మరసం పులుపు రోజుకోలా ఉంటోందని అదీ మానేశాను. లీటరు వేడి నీళ్లకు 10 గ్రాముల నిమ్మ ఉప్పు (సిట్రిక్ యాసిడ్) కలిపి కొద్దికొద్దిగా పోస్తూ గరిటెతో నెమ్మదిగా తిప్పుతుంటే గడ్డలు విడిపోయి, కింద తేట లేత ఆకుపచ్చగా కనిపిస్తుంది, అక్కడ ఆపేయాలి. ఇంకా తెల్లగా ఉంటే పాలు పూర్తిగా విరగలేదన్నట్టే.

గుడ్డలో కట్టి బరువు పెట్టి, తర్వాత ఐస్ నీళ్లలో రెండు గంటలు. ఇది మాత్రం వదలకండి, ముక్క కోస్తే అంచు విరగకుండా నున్నగా వస్తోంది. మొన్న పది లీటర్లకు కిలో తొమ్మిది వందల గ్రాముల పనీర్ వచ్చింది, మా ఆవిడ రెండుసార్లు తూకం వేసింది!

ఫ్యాట్ తీసిన పాలతో చేయమని ఒకరన్నారు, నేను చేయను. ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ (ఆహార ప్రమాణాలు చూసే కేంద్ర సంస్థ) లెక్క ప్రకారం మామూలు పనీర్‌లో తేమ 60 శాతం దాటకూడదు, తేమ పోగా మిగిలినదాంట్లో సగమైనా పాల కొవ్వు ఉండాలి. రిజిస్ట్రేషన్‌కి అప్లై చేశాను, అది వచ్చాకే అమ్మకం. అప్పటిదాకా ఇంట్లోకే.