కెన్యా ఎన్నికల పరిశీలనకు ఆరుగురు పెద్దలు: విశాఖ నుంచి ఏర్పాట్లు ఎలా?

ద్వారకానగర్_టికెట్లు
అందరికీ నమస్కారం. కాశీ, సింగపూర్ టూర్లు వేసుకునే మాకు ఈసారి కొత్త పని తగిలింది. 2027 ఆగస్టు 10న కెన్యాలో సాధారణ ఎన్నికలు. పరిశీలకులుగా మన ఊరి నుంచి ఆరుగురు పెద్దలు వెళ్తున్నారు. జడ్జిగా రిటైరైనాయన ఒకరు, రిటైర్డ్ ఐఏఎస్‌లు ఇద్దరు, ప్రొఫెసర్లు ఇద్దరు, ఇప్పుడు పదవిలో ఉన్న ఎమ్మెల్సీ ఒకరు. అందరూ అరవై దాటినవాళ్లే. ఖర్చు పిలిచిన విదేశీ సంస్థది, ఏర్పాట్లు మావి. నా సందేహాలు: ముంబై మీదుగా పంపాలా, దుబాయ్ మీదుగానా? కార్లు ఎన్ని పెట్టాలి? రిటర్న్ టికెట్ ఏ తేదీకి తీయాలి? ఎమ్మెల్సీగారికి అనుమతి ఏమైనా కావాలా? కాస్త అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి, ఇప్పటినుంచే టెన్షన్‌గా ఉంది.

మాజీ_ప్రోటోకాల్
ముప్పై రెండేళ్లు ఇదే పని చేశాను బాబూ. సర్క్యూట్ హౌస్‌లో దిగిన ఏ పెద్దమనిషికి చక్కెర లేని టీ ఇవ్వాలో నిద్రలో లేపి అడిగినా చెప్పేవాణ్ణి. ముందు సీట్ల సంగతి తేల్చుకో. కారులో వెనక ఎడమవైపు సీటు పెద్దాయనది. జడ్జిగారూ, ఎమ్మెల్సీగారూ ఒకే కారులో ఉంటే ఎవరు పెద్ద అనేది ఇక్కడే రాసి పెట్టుకో. అక్కడికెళ్లాక డోరు పట్టుకుని ఆలోచిస్తే పరువు పోతుంది.

కంచరపాలెం_కుర్రోడు
అంకుల్, వాళ్లు పెళ్లికి వెళ్లట్లేదు, పోలింగ్ చూడటానికి వెళ్తున్నారు. ఇద్దరేసి చొప్పున విడిపోయి తిరుగుతారు. మూడు జట్లు, మూడు కార్లు. జడ్జిగారినీ ఎమ్మెల్సీగారినీ ఒకే జట్టులో వేయకపోతే గొడవే లేదు.

సీతమ్మధార_డాక్టరమ్మ
సీట్ల కంటే ముందు ఎల్లో ఫీవర్ (దోమల వల్ల వచ్చే జ్వరం) టీకా చూసుకోండి. కెన్యా నుంచి తిరిగొచ్చే వాళ్ల దగ్గర ఆ టీకా వేయించుకున్నట్టు కార్డు లేకపోతే మన దేశంలో దిగగానే ఆరు రోజుల వరకు క్వారంటైన్‌లో పెట్టొచ్చు. టీకా వేయించుకున్న పది రోజుల తర్వాతే కార్డు చెల్లుతుంది. మన పోర్టు హెల్త్ ఆఫీసులో వేస్తారు. అరవై దాటినవాళ్లకు మొదటిసారి వేసేటప్పుడు తీవ్రమైన దుష్ప్రభావాల ముప్పు కొంచెం ఎక్కువ. ముందు డాక్టర్‌కి చూపించుకోవాలి. ఒకవేళ వద్దంటే మినహాయింపు పత్రం రాయించుకోవాలి. జులై ఆఖర్లో పరిగెత్తుకుంటూ రాకండి.

గాజువాక_సీమ్యాన్
కార్డుకి పదేళ్లే గడువు. పాత కార్డున్నవాళ్లు మళ్లీ వేయించుకోవాలి. నాది 2012ది, 2022లో మళ్లీ పొడిపించుకున్నా.

సీతమ్మధార_డాక్టరమ్మ
కాదండి. 2016 జులై 11 నుంచి ఆ కార్డు జీవితాంతం చెల్లుతుంది. పాత కార్డులకూ ఇదే వర్తిస్తుంది. మీరు అనవసరంగా పొడిపించుకున్నారు.

గాజువాక_సీమ్యాన్
అనవసరమా? ఓ రేవులో పాత కార్డు చూపిస్తే నన్ను నాలుగు గంటలు బెంచీ మీద కూర్చోబెట్టారు మేడమ్. మీ రూలు అప్పుడొచ్చి నన్ను విడిపించలేదు. ఓడలెక్కి తిరిగేది మేము, పుస్తకంలో చదివి చెప్పేది మీరు.

సీతమ్మధార_డాక్టరమ్మ
నేను చదివే చెప్తాను, అది నా ఉద్యోగం. కౌంటర్లో కూర్చున్నాయనకి తెలియకపోతే అరవై ఏళ్లవాళ్లకి ఊరికే రెండో డోసు పొడిచేద్దామా?

మాజీ_ప్రోటోకాల్
మా టైములో ఇలాంటి కార్డులన్నీ నా బ్రీఫ్‌కేసులోనే ఉండేవి. ఒక్కటంటే ఒక్కటి పోలేదు.

ఎంవీపీ_అత్తయ్య
మా అబ్బాయి నైరోబీలో మూడేళ్లు ఉన్నాడు. ఆఫ్రికా కదా, ఎండలు మండిపోతాయనుకుని పల్చటి కాటన్ చీరలు పట్టుకుని ఆగస్టులో వెళ్లాను. చలికి వణికిపోయాను! ఆ ఊరు ఎత్తు మీద ఉంటుంది, వాళ్లకి అది చలికాలం. పొద్దున్నే మన అరకులో డిసెంబరులా ఉంటుంది. పెద్దవాళ్లకి స్వెట్టర్లు, మఫ్లర్లు తప్పనిసరిగా పెట్టమనండి. ఇంకోటి, ఆవకాయ ప్లాస్టిక్ కవర్లలో కట్టకండి. 2017 నుంచి అక్కడ ప్లాస్టిక్ సంచులు నిషేధం. డ్యూటీ ఫ్రీ సంచిని కూడా ఎయిర్‌పోర్టులోనే వదిలేయమన్నారు. నేను స్టీలు డబ్బాలో పెట్టి, మూత చుట్టూ గుడ్డ కట్టి తీసుకెళ్లాను.

కంచరపాలెం_కుర్రోడు
స్టీలు డబ్బాలో ఆవకాయేటి అత్తయ్యా, ఉప్పూ పులుపూ లోహానికి పడవు కదా. చిన్న జాడీ నయం.

ఎంవీపీ_అత్తయ్య
నాలుగు రోజులకి ఏం కాదు నాయనా. జాడీ పగిలితే జడ్జిగారి సూటు మీద నూనె మరక నువ్వు ఉతుకుతావా?

నైరోబీ_రిటర్న్
2022లో ఓ పరిశీలక బృందానికి కార్ల పని చూశాను, అందుకని కొంచెం పెద్దగా రాస్తున్నా. అక్కడ పోలింగ్ ఉదయం ఆరుకి మొదలు. ఖాళీ పెట్టెలు చూపించి సీలు వేసేది అంతకుముందే. అది చూడకపోతే ఆ రోజు నివేదికలో మొదటి పేజీ ఖాళీ. మా బృందం ఉన్న ఊరి నుంచి గంటన్నర దారి. కాబట్టి డ్రైవర్ తెల్లవారుజామున నాలుగుకి రావాలి. నేను అప్పటికి అక్కడి భాష స్వాహిలీలో వారం రోజుల పండితుణ్ణి కదా, గొప్పగా ‘సా న్నే’ అని చెప్పాను. సా అంటే గంట, న్నే అంటే నాలుగు. ఆయన నవ్వుతూ సరేనన్నాడు.

నాలుగైంది, నాలుగున్నరైంది. లాబీలో ఇద్దరు పెద్దలు కోట్లు వేసుకుని, మెడలో గుర్తింపు కార్డులతో, ఒళ్లో ఫ్లాస్కు పెట్టుకుని కూర్చున్నారు. ఫోన్ చేస్తే స్విచాఫ్. విషయమేంటంటే స్వాహిలీలో గంటలు సూర్యోదయం నుంచి లెక్కపెడతారు. మన ఏడు గంటలు వాళ్లకి ఒకటి. ‘సా న్నే’ అంటే ఉదయం పది! పాపం ఆయన సరిగ్గా పదికి కడిగిన కారుతో వచ్చి నిలబడ్డాడు. తప్పు నాదే. టైము ఇంగ్లీషులో చెప్పి, అంకెల్లో మెసేజ్ కూడా పెట్టండి.

ఇంకా, సాయంత్రం అయిదుకి పోలింగ్ అయ్యాక మనలాగా పెట్టెలు స్ట్రాంగ్ రూముకి పోవు. అక్కడికక్కడే లెక్కింపు. ఓటరుకి ఆరు బ్యాలెట్లు, ఆరు రంగుల మూతల పెట్టెలు. అర్ధరాత్రి దాటుతుంది. తెల్లవారుజామున వచ్చిన డ్రైవరే రాత్రి ఒంటిగంటకి హైవే మీద నడపకూడదు. మూడు కార్లకి ఆరుగురు డ్రైవర్లని పెట్టండి. కారు మీద ఏ స్టిక్కరూ లేకుండా చూసుకోండి. పసుపు, ఆరెంజ్ చొక్కాలు వద్దు, రెండూ పార్టీ రంగులే. మన దగ్గర పసుపు కండువా వేసుకుని బూత్‌లోకి వెళ్తే ఎలా ఉంటుందో అక్కడా అంతే.

కంచరపాలెం_కుర్రోడు
కడిగిన కారుతో పదికి 😂😂 పెద్దలు ఏమన్నారు గురూ?

నైరోబీ_రిటర్న్
ఒకాయన ఏమీ అనలేదు. వైజాగ్ వచ్చేదాకా ఏమీ అనలేదు.

మాజీ_ప్రోటోకాల్
మా టైములో డ్రైవర్ ముందు రాత్రే అదే హోటల్లో పడుకునేవాడు. ఈ మాత్రం తెలియనివాళ్లు కూడా సలహాలిచ్చేవాళ్లే.

నైరోబీ_రిటర్న్
సార్, మీ టైము మన సర్క్యూట్ హౌస్ గేటు దాటలేదు. తప్పు ఒప్పుకుని రాశాను, మళ్లీ గిచ్చడం ఎందుకు?

మాజీ_ప్రోటోకాల్
వయసుకి గౌరవం ఇవ్వడం నేర్చుకో ముందు.

గాజువాక_సీమ్యాన్
మీరిద్దరూ ఆగండి. ఎవరూ శాటిలైట్ ఫోన్ గురించి మాట్లాడరేంటి? అక్కడి సంస్థ ఇస్తుంది, బ్యాగులో మర్చిపోయి తెచ్చుకుంటారు. మన దేశంలో అనుమతి లేకుండా అది ఉంటే కేసే. తిరిగొచ్చే ముందు ఆరు బ్యాగులూ చూడండి.

పెందుర్తి_లెక్కలు
రిటర్న్ టికెట్ సంగతి. 2022లో ఆగస్టు 9న పోలింగ్, 15న ఫలితం. రాజ్యాంగం ప్రకారం ఏడు రోజుల్లోపు ప్రకటించాలి. కాబట్టి 18కి ముందు తీయకండి, తేదీ మార్చుకునే వీలున్న టికెట్టే తీయండి. 2017లో ఫలితం వచ్చాక సుప్రీంకోర్టు సెప్టెంబరు 1న ఎన్నికే రద్దు చేసింది. అక్టోబరు 26న మళ్లీ పోలింగ్. ఇక ఎమ్మెల్సీగారు. పదవిలో ఉన్న చట్టసభ సభ్యులు విదేశీ సంస్థ ఖర్చుతో అక్కడ ఆతిథ్యం తీసుకోవాలంటే ఎఫ్‌సీఆర్‌ఏ (విదేశీ విరాళాల నియంత్రణ చట్టం) 6వ సెక్షన్ కింద కేంద్ర హోం శాఖ ముందస్తు అనుమతి కావాలి. ఎఫ్‌సీ-2 ఫారం, ఆన్‌లైన్‌లో. మిగతా అయిదుగురూ ఇప్పుడు ప్రభుత్వ ఉద్యోగంలో లేరు కదా? ప్రొఫెసర్లు రిటైరయ్యారో లేదో మీరు రాయలేదు.

ఎంవీపీ_అత్తయ్య
ఆ జడ్జిగారికి షుగర్ ఉందా బాబూ? అర్ధరాత్రి దాకా లెక్కింపంటే భోజనం ఎవరు పట్టుకెళ్తారు? పులిహోర కట్టిస్తే నిలవుంటుంది.

కంచరపాలెం_కుర్రోడు
పులిహోర అయితే నేనూ పరిశీలకుడిగా వస్తా.

ద్వారకానగర్_టికెట్లు
పెందుర్తిగారూ, చేతులెత్తి దణ్ణం. ప్రొఫెసర్లలో ఒకాయన ఇంకా సర్వీసులోనే ఉన్నారట, ఇప్పుడే ఫోన్ చేసి కనుక్కున్నా. ఆయనకీ ఎఫ్‌సీ-2 పడుతుందేమో రేపు అడుగుతాను. జడ్జిగారికి షుగర్ ఉంది అత్తయ్యా. టీకాకి ఈ శనివారం అందరినీ డాక్టర్ దగ్గరికి తీసుకెళ్తున్నా. ముంబయా, దుబాయా అన్నది మాత్రం ఎవరూ చెప్పలేదు.

మాజీ_ప్రోటోకాల్
ముందు సీట్ల సంగతి తేల్చుకోమన్నాను.