గొంతులో చేపముల్లు గుచ్చుకుంటే అన్నం ముద్ద మింగాలా, మింగకూడదా?

పటమట కోడలు (విజయవాడ):
మొన్న ఆదివారం మా ఇంట్లో పెద్ద రగడే అయింది. శీలావతి పులుసు వండాను. తింటూ తింటూ మామయ్యగారు చెయ్యి ఆపేశారు, గొంతులో ముల్లు గుచ్చుకుంది. అత్తయ్యగారు వెంటనే ఉత్త అన్నాన్ని నిమ్మకాయంత ముద్దలు చేసి "నమలకుండా మింగండి" అని మూడు పెట్టారు. తరవాత రెండు అరటిపండ్లు. ఏం తగ్గలేదు. ఆసుపత్రికి వెళ్దామంటే "ముల్లుకి కూడా ఆసుపత్రేనా, పొద్దున్నకి అదే పోతుంది" అన్నారు. రాత్రంతా ఆయన గుటక వేసినప్పుడల్లా మెడ ఎడమవైపు ఒకే చోట వేలు పెట్టి చూపిస్తూనే ఉన్నారు.

పొద్దున్నే ఈఎన్‌టీ డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాం. ముక్కులోంచి సన్నని కెమెరా గొట్టం పంపి చూశారు. నాలుక మొదట్లో సగానికి పైగా కండలోకి దిగి ఉంది. ముద్దల ఒత్తిడికి ఇంకా లోపలికి పోయి ఉంటుందన్నారు. తీసి తెల్లటి దూది మీద పెట్టి చూపించారు. చీపురుపుల్ల కొన కంటే సన్నం, చిటికెనవేలి గోరంత పొడవు, ఒక చివర పంగలకర్రలా చీలి ఉంది. ఇంత చిన్నదానికా రాత్రంతా నిద్రలేదు అనిపించింది.

అత్తయ్యగారు మాత్రం ఇప్పటికీ ముద్ద తప్పు కాదంటున్నారు. మీ ఇళ్ళల్లో ఏం చేస్తారు?

కొత్తపేట పెద్దమ్మ (గుంటూరు):
అమ్మాయ్, మీ అత్తగారి తప్పేం లేదు. నలభై ఏళ్ళుగా చేపలు వండుతున్నాను, ఐదుగురు పిల్లల్ని పెంచాను. ముల్లు గుచ్చుకోని ఇల్లుందా? ముద్ద మింగితే నూటికి తొంభైసార్లు దిగిపోయేది. ప్రతిదానికీ ఆసుపత్రంటే కూలినాలి చేసుకునేవాళ్ళు ఏమైపోవాలి? ముందు ముద్ద, తగ్గకపోతే ఆసుపత్రి. నా మాట ఇదే.

స్టాఫ్ నర్సు (గుంటూరు, ఈఎన్‌టీ వార్డు):
పెద్దమ్మగారూ, మీ ఇంట్లో దిగిపోయిన మాట నిజమే అయి ఉంటుంది. పైపైన ఆనుకున్న మెత్తటి ముల్లు ఉమ్ము మింగినా జారిపోతుంది. ఆ పేరు ముద్దకు వస్తుంది. గట్టిగా గుచ్చుకున్నవే మా దగ్గరికి వస్తాయి, అందులో చాలామంది ముద్దలు మింగాకే వస్తారు.

ముల్లు ఎక్కువగా టాన్సిల్‌లోనో నాలుక మొదట్లోనో దిగుతుంది. అక్కడుంటే నోరు తెరిపించి, లైటు వేసి, పట్టకారుతో లాగేస్తాం, చాలాసార్లు ఐదు నిమిషాల పని. ముద్దతో తోస్తే అది ఇంకా లోతుకు దిగుతుంది, లేదా కిందికి అన్నవాహికలోకి పోయి అక్కడ అడ్డం తిరుగుతుంది. అన్నవాహిక గోడ పలచన, పక్కనే పెద్ద రక్తనాళాలుంటాయి. అక్కడ ఇరుక్కున్న పదునైన వస్తువును వీలైతే 2 గంటల్లో, ఎట్టి పరిస్థితుల్లో 6 గంటలు దాటకుండా తీయాలని యూరప్ ఎండోస్కోపీ (కెమెరా గొట్టంతో లోపల చూడడం) వైద్యుల మార్గదర్శకాలు చెబుతాయి.

ఇంకోటి ఎవరూ ఆలోచించరు. మత్తు ఇచ్చి తీయాల్సి వస్తే కడుపు ఖాళీగా ఉండాలి. మూడు ముద్దలు, రెండు అరటిపండ్లు తిని వస్తే ఆ మత్తు ఇవ్వడమే కష్టం, కొన్నిసార్లు గంటలు ఆగాల్సి వస్తుంది. వేలు పెట్టి కెలకడం, కావాలని వాంతి చేసుకోవడం కూడా వద్దు. వెనిగర్‌తో, నిమ్మరసంతో గొంతులో ముల్లు కరగదు.

బెంజి సర్కిల్ ఆటో అన్న (విజయవాడ):
నా డౌట్ వేరండీ. నిన్న రాత్రి బిర్యానీలో చిన్న కోడి ఎముక మింగేశాను. గొంతులో ఏమీ గుచ్చుకోలేదు, పొద్దున టిఫిన్ కూడా మామూలుగానే చేశాను. కడుపులో చీరేస్తుందేమోనని మా ఆవిడ ఒకటే టెన్షన్. ఆపరేషన్ చేయాల్సి ఉంటుందా?

స్టాఫ్ నర్సు:
ఇరుక్కున్నది వేరు, దిగిపోయింది వేరు అన్నా. కడుపులోకి చేరిన వస్తువుల్లో 80 శాతానికి పైగా వాటంతట అవే, చాలావరకు వారం లోపే బయటికి పోతాయి. చిన్న ఎముక, నొప్పి లేదు, తింటున్నారు కాబట్టి మామూలుగా తినండి, విరేచనాల మందు వేసుకోవద్దు. ఎముక పొడవుగా, మొనదేలి ఉందని అనుమానం ఉంటే మాత్రం ఇవాళే చూపించుకోండి. కడుపునొప్పి, జ్వరం, వాంతులు, నల్లటి విరేచనం, వీటిలో ఏదొచ్చినా ఆగొద్దు. అరుదే గానీ, మొన ఉన్న ఎముక పేగును పొడిచిన కేసులున్నాయి.

బ్రాడీపేట (గుంటూరు):
ఆసుపత్రికి వెళ్ళిపోతే చాలనుకోకండి. మా తమ్ముడికి ముల్లు గుచ్చుకుంటే ఒక చోట ఎక్స్‌రే తీసి "ఏమీ లేదు, గీత పడి ఉంటుంది, అంతే" అని పంపేశారు. మూడో రోజుకి మెడ వాచి జ్వరం వచ్చింది. వేరే చోట సీటీ స్కాన్‌లో ముల్లు కనిపించింది, పక్కన చీము. చాలా చేపముళ్ళు ఎక్స్‌రేలో కనపడవని అప్పుడు తెలిసింది. గీత పడితే నొప్పి ఒకట్రెండు రోజుల్లో తగ్గుతూ రావాలి. తగ్గకపోతే ఎవరేమన్నా మళ్ళీ వెళ్ళి గట్టిగా అడగండి.

కొత్తపేట పెద్దమ్మ:
సరే నర్సమ్మా, ఒప్పుకుంటాను, గట్టిగా గుచ్చుకుంటే ముద్ద వద్దు. మరి అర్ధరాత్రి పల్లెటూళ్ళో ఏం చేయాలి? ఊపిరాడకపోతే?

స్టాఫ్ నర్సు:
ఊపిరాడకపోతే అది ముల్లు సంగతి కాదు, గాలి గొట్టానికి ఏదో అడ్డం పడ్డట్టు. మాట రాకపోయినా, దగ్గలేకపోయినా ముందుకు వంచి భుజాల మధ్య అరచేత్తో ఐదుసార్లు గట్టిగా చరచండి, పోకపోతే వెనకనుంచి పట్టుకుని బొడ్డుకు కొంచెం పైన ఐదుసార్లు లోపలికీ పైకీ నొక్కండి. ఏడాది లోపు పసిపిల్లలకు పొట్ట నొక్కకూడదు. ఇంకొకరితో 108కి ఫోన్ చేయించండి.

ఊపిరి బాగానే ఉండి గుచ్చుకుంటూ మాత్రమే ఉంటే తినడం ఆపి, ఉదయం వరకూ కాకుండా వీలైనంత త్వరగా బయల్దేరండి. గుంటూరు జీజీహెచ్ (ప్రభుత్వ జనరల్ ఆసుపత్రి) లాంటి పెద్దాసుపత్రిలో రాత్రయినా క్యాజువాలిటీ ఉంటుంది. ఉమ్ము కూడా మింగలేక చొంగ కారుతుంటే, రక్తం పడుతుంటే, ఛాతీలో నొప్పి ఉంటే ఒక్క క్షణం ఆగొద్దు.

పటమట కోడలు:
అందరికీ థాంక్స్. ఒక విషయం చెప్పడం మరిచాను. మామయ్యగారికి పైపళ్ళ సెట్టు ఉంది. అంగిలి మీద ప్లాస్టిక్ పలక ఉండటం వల్ల నోట్లో ముల్లు తగిలినా తెలియదట, డాక్టరుగారు ముందు అడిగింది అదే. ఇవాళ మజ్జిగన్నం తిన్నారు, ఇంకా కొంచెం గీరుకుంటోందంటున్నారు గానీ నిన్నటికంటే నయం. పెద్దమ్మగారి జవాబు అత్తయ్యగారికి చదివి వినిపించాను. చివరిదాకా విని, ఇకనుంచి మామయ్యగారికి కొర్రమీనే వండమన్నారు, దానికి ముళ్ళు తక్కువ కదా. ఇంట్లో మిగతావాళ్ళకి శీలావతి ఉంటుంది, ఆయన పళ్ళెంలోకి మాత్రం వెళ్ళదు.