తల్లిదండ్రులకి క్లాసులు పెడితే పిల్లలు మందు జోలికి పోరా?

పాలకొల్లు నాన్న:
మా ఊరి హైస్కూల్లో ఒక ప్రతిపాదన వచ్చింది, దాని మీద ఊరు రెండుగా చీలింది, అందుకే ఇక్కడ పెడుతున్నా. ఏడు, ఎనిమిది, తొమ్మిది తరగతుల పిల్లల్నీ వాళ్ళ అమ్మానాన్నల్నీ వరసగా ఏడు ఆదివారాలు, పూటకి రెండు గంటలు కూర్చోబెడతారట. మొదటి గంట పెద్దవాళ్ళు ఒక గదిలో, పిల్లలు ఇంకో గదిలో. రెండో గంట అందరూ కలిసి. మందు, గంజాయి మీద ఉపన్యాసాలు కాదట. ఇంట్లో కట్టుబాటు ఎలా పెట్టాలి, అరవకుండా ఎలా వద్దనాలి, ఫ్రెండు గ్లాసు చేతిలో పెడితే కుర్రాడు మాట పడకుండా ఎలా తప్పించుకోవాలి, ఇవన్నీ చేయించి చూపిస్తారట. అమెరికాలో అయోవా రాష్ట్రంలో 10-14 ఏళ్ళ పిల్లల కోసం తయారైన పద్ధతి ఇది. అక్కడ 33 పల్లెటూరి బళ్ళతో పరీక్ష చేసి, ఆ పిల్లల్ని ఇంటర్ వయసు దాకా గమనిస్తే, క్లాసులకి పిలిచిన ఇళ్ళ పిల్లలు తాగుడు ఆలస్యంగా మొదలుపెట్టారని తేలింది.

కమిటీలో సగంమంది మాత్రం "ముందు బెల్టు షాపు మూయించండి, తర్వాత మాకు పాఠాలు చెబుదురుగాని" అంటున్నారు. నేను పెట్టించాలనే పక్షం. మావాడు ఎనిమిది చదువుతున్నాడు. మీరేమంటారు?

చెరువు గట్టు:
దండగండి. సూటిగా చెప్తున్నా, ఏమనుకోకండి. మాది ఆకివీడు వైపు, రొయ్యల చెరువులు. రాత్రి కాపలాకి వచ్చేవాళ్ళలో మీసాలు రాని కుర్రోళ్ళు ఉంటారు. నీళ్ళలోకి గాలి కొట్టే ఏరియేటర్లు ఆగకుండా చూసుకుంటూ తెల్లవార్లూ మేలుకోవాలి, కరెంటు పోతే జనరేటర్ దగ్గరికి పరిగెత్తాలి. మకాంలో పెద్దోళ్ళు క్వార్టర్ విప్పితే "చలిగా ఉంది, తాగరా" అని వాడికీ మూత నిండా పోస్తారు. మొదలు అలాగే. ఇప్పుడు వాళ్ళమ్మని ఆదివారం బడికి పిలిచి "మీ అబ్బాయితో ప్రేమగా మాట్లాడండమ్మా" అంటే ఏం ఒరుగుతుంది? ఆవిడ మాట్లాడుతూనే ఉంది పాపం.

సంక్రాంతి మూడు రోజులూ చూడండి, బరి పక్కనే గుండాట, గుండాట పక్కనే మందు, ఆ పక్కన బిర్యానీ, పదేళ్ళ పిల్లలు వాటి మధ్యలోంచే తిరుగుతుంటారు. 2024 అక్టోబర్ నుంచి ప్రైవేటు షాపులొచ్చాయి, 99 రూపాయలకి క్వార్టర్. సరుకు గుమ్మం దాకా తెచ్చిపెట్టి, పిల్లాడు తాగితే మాత్రం అమ్మ పెంపకం సరిగ్గా లేదంటారా?

లెక్కల మాస్టారు:
గట్టు గారి కోపంలో న్యాయం ఉంది. దానికి వేరే దారిలో ఇంకో చేదు నిజం కలుపుతా. ఇలాంటి కుటుంబ కార్యక్రమాల మీద జరిగిన పరీక్షలన్నీ ఒకచోట చేర్చి 2019లో కాక్రేన్ అనే, వైద్య పరిశోధనల్ని సమీక్షించే అంతర్జాతీయ సంస్థ వాళ్ళు ఒక సమీక్ష వేశారు. 46 అధ్యయనాలు, దాదాపు 40 వేలమంది. అన్నీ కలిపి చూస్తే పిల్లల తాగుడు తగ్గిందని స్పష్టంగా చెప్పలేం అన్నారు. పాలకొల్లు నాన్న గారు చెప్పిన అయోవా పద్ధతినే స్వీడన్‌కీ పోలండ్‌కీ పట్టుకెళ్ళారు, అక్కడ ఫలితం రాలేదు. కాబట్టి "అమెరికాలో రుజువైంది" అని ఎవరైనా చెబితే ఒక చెవితోనే వినండి.

అలాగని మూలన పడెయ్యమనడం లేదు. నెదర్లాండ్స్‌లో జరిగిన పరీక్ష ఒకటుంది, నాకు చాలా ముఖ్యం అనిపించింది. పన్నెండు, పదమూడేళ్ళ పిల్లలు. కొన్ని బళ్ళలో పిల్లలకి మాత్రమే పాఠం పెట్టారు, కొన్నిచోట్ల తల్లిదండ్రులకి మాత్రమే మీటింగ్, ఇంకొన్నిచోట్ల రెండూ. విడివిడిగా పెట్టినచోట చెప్పుకోదగ్గ తేడా లేదు. రెండూ కలిపినచోట వారం వారం తాగే పిల్లలు తగ్గారు. పైగా ఆ మీటింగులో తల్లిదండ్రులకి చెప్పింది ప్రేమ గురించి కాదు, "ఈ వయసులో ఒక్క చుక్క కూడా వద్దు" అన్న రూలు గురించి. తరగతిలో ఉన్న తల్లిదండ్రులంతా ఒకే రూలు ఒప్పుకుని సంతకం చేసినంత పని చేశారు. "వాళ్ళింట్లో పోస్తారుగా, మీరే ఎందుకు వద్దంటారు" అనడానికి పిల్లాడికి సందు లేకుండా.

కువైట్ అక్క:
మీరందరూ అమ్మానాన్నా ఇంట్లో ఉన్నట్టు మాట్లాడుతున్నారు. రాజోలు, మలికిపురం వైపు వచ్చి చూడండి. నేను కువైట్‌లో ఇంటిపని చేస్తాను, మావారు మస్కట్‌లో. పిల్లలిద్దరూ మా అమ్మ దగ్గర. ఆ ఏడు ఆదివారాలకి ఎవరెళ్తారు? మా అమ్మకి మోకాళ్ళ నొప్పులు, మెట్లెక్కలేదు, ఎక్కినా పద్నాలుగేళ్ళవాడు ఆవిడ మాట వింటాడా? నేను శుక్రవారం వీడియో కాల్ చేస్తే "బానే ఉన్నానమ్మా" అని ఫోన్ చెల్లెలికి ఇచ్చేస్తాడు.

ఇంకో మాట. గల్ఫ్ డబ్బు వచ్చే ఇంట్లో పిల్లాడి చేతిలో డబ్బులు ఎక్కువ ఆడతాయి. మనం దగ్గర లేమన్న బాధకి అడిగిందల్లా పంపేస్తాం. ఇది మాకు తెలిసీ చేస్తాం. దీనికి మీ అయోవాలో ఏం చెప్పారో చెప్పండి మాస్టారూ.

భీమవరం నర్సమ్మ:
అక్కా, నీ ప్రశ్నకి అయోవా జవాబు చెప్పదు, మనమే చెప్పుకోవాలి. అమ్మమ్మని తల్లిదండ్రుల కింద లెక్కేసుకుని పిలవాలి, క్లాసు ఆవిడ వీధిలోకే రావాలి. రామాలయం అరుగు మీద పెట్టినా నష్టం లేదు. డబ్బు సంగతి మాత్రం నీ చేతిలోదే. ఎంత పంపినా అమ్మమ్మ చేతికి పంపు, వాడి ఫోన్‌పేకి కాదు. ఇదొక్కటి మారిస్తే సగం పని.

ఇప్పుడు గట్టు గారికి. "అమ్మకి చెబితే ఏం లాభం" అన్నారు, నూటికి నూరుపాళ్ళూ ఒప్పుకుంటా. 2024 డిసెంబర్ 7న రాష్ట్రమంతా మెగా పేరెంట్ టీచర్ మీటింగ్ పెట్టినప్పుడు నేను వెళ్ళిన బళ్ళో కుర్చీల నిండా అమ్మలే. నాన్నలు గేటు దగ్గర బైకు ఆపి దింపేసి పోయారు. నేను ఆస్పత్రిలో చూసేది చెప్తా. గ్యాస్ట్రిక్ నొప్పి అని వచ్చిన పదో తరగతి కుర్రాణ్ణి మెల్లగా అడిగితే, మొదట ఎవరు పోశారో చెప్తాడు. ఫ్రెండ్ కాదు. మావయ్య, బావ, పెళ్ళిలో పెదనాన్న. అంతకంటే ముందు నాన్న "ఒక క్వార్టర్, రెండు సోడాలు, ఒక మిక్చర్ ప్యాకెట్ పట్రా" అని పంపుతాడు, మిగిలిన చిల్లర వాడిదే. ఏ బ్రాండ్ ఎంతో, షాపు వెనక తలుపు ఎక్కడుందో ఏడో తరగతికే వాడికి తెలుసు. మీ కార్యక్రమంలో మొదటి ఆదివారం ఈ ఒక్క విషయం మాట్లాడండి, మిగతావి తర్వాత.

ఇంకో సంగతి చాలామందికి తెలీదు. రాష్ట్రంలో మందు కొనడానికి 21 ఏళ్ళు నిండాలి, అది సరే. 2015 జువెనైల్ జస్టిస్ చట్టంలో 77వ సెక్షన్ ప్రకారం పిల్లలకి మందు, డ్రగ్స్ ఇచ్చినవాళ్ళకి ఏడేళ్ళ దాకా కఠిన శిక్ష, లక్ష రూపాయల దాకా జరిమానా. 78వ సెక్షన్ పిల్లల చేత అవి మోయించడం, అమ్మించడం గురించి, దానికీ అంతే శిక్ష. కేసు పెట్టమనడం లేదు, ఏ భార్య పెడుతుంది? కానీ నాన్నల గదిలో ఇది చదివి వినిపిస్తే కొంచెం సర్దుకు కూర్చుంటారు.

అమలాపురం కుర్రాడు:
నర్సమ్మ గారు చెప్పింది నిజం. నాకు పంతొమ్మిది. మొదటిసారి మా బావ ఇచ్చాడు, పెద్ద అక్క పెళ్ళిలో, కొబ్బరితోటలో కుర్చీలేసి సిట్టింగ్ పెట్టారు. నాకప్పుడు తొమ్మిదో తరగతి. "మగాడివి కాదా" అన్నారు. మా నాన్న అక్కడే ఉన్నాడు, చూసి నవ్వాడు. ఆ నవ్వు నాకు పర్మిషన్.

అయితే ఒకటి. మీ క్లాసులో పిల్లల మీద నిఘా పెట్టడం, ఫోన్ చెక్ చేయడం, జేబులు వెతకడం నేర్పిస్తే మాత్రం పూర్తిగా చెడుతుంది. మా ఫ్రెండ్ వాళ్ళమ్మ రోజూ నోరు వాసన చూసేది. వాడు మందు మానేశాడు, గంజాయికి మారాడు, అది నోటి వాసన రాదని. అదీ ఎక్కడో విశాఖ ఏజెన్సీ నుంచి వస్తుందని మీరనుకుంటారు, ఇక్కడికొచ్చాక చిన్న పొట్లాల్లో ఎవరి దగ్గరుంటుందో కాలేజీ రోడ్డు మీద అందరికీ తెలుసు. బళ్ళలో ఈగల్ క్లబ్బులు (డ్రగ్స్‌ని అరికట్టే పోలీసు విభాగం పేరు మీద) పెట్టారు, బోర్డు ఉంది, ఒకరోజు ప్రతిజ్ఞ చేయించారు, అంతే.

చెరువు గట్టు:
చూశారా, కుర్రాడే చెప్తున్నాడు. మీరు ఒక తలుపు మూస్తే ఇంకో తలుపు తెరుచుకుంటుంది. అందుకే సరుకు ఆపాలంటాను. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో ఆడవాళ్ళు వెళ్ళింది అక్షరాలు నేర్చుకునే బడికి, పెంపకం క్లాసులకి కాదు. సారా కొట్లు మూయించారు. ఉద్యమం రాష్ట్రమంతా పాకింది, 1993 అక్టోబర్ 1 నుంచి సారా బంద్, 1995లో రామారావు గారు సంపూర్ణ నిషేధం పెట్టారు. అదీ పని.

లెక్కల మాస్టారు:
పెట్టారు, 1997లో ఎత్తేశారు కూడా. ఆ రెండేళ్ళూ లంకల్లో నాటుసారా ఎంత కాగిందో మీకు నేను చెప్పాలా బాబాయ్?

నేను మీ మాటకి ఎదురు చెప్పడం లేదు. సరుకు కట్టడి లేకుండా క్లాసులు పెట్టడం ఉత్తుత్తి పనే. కానీ ఈ రెండిట్లో ఏదో ఒకటే ఎంచుకోవాలని ఎవరన్నారు? ఐస్‌లాండ్ చూడండి. 1998లో అక్కడ 15-16 ఏళ్ళ పిల్లల్లో ముందు నెలలో ఒక్కసారైనా తాగి తూగినవాళ్ళు 42 శాతం. 2016కి 5 శాతం. ఏం చేశారు? 20 ఏళ్ళు నిండనివాళ్ళకి మందు అమ్మడం చట్టవిరుద్ధం. 13-16 ఏళ్ళ పిల్లలు చలికాలం రాత్రి పది దాటాక, వేసవిలో పన్నెండు దాటాక బయట తిరగకూడదు. బడివారీగా తల్లిదండ్రులు ఒప్పందాలు రాసుకున్నారు: మా ఇంట్లో పిల్లలకి మందు ఇవ్వం, పెద్దవాళ్ళు లేని పార్టీలు జరగనివ్వం, ఒకరి పిల్లల్ని ఒకరం కనిపెట్టుకుంటాం అని. పిల్లలు ఆడుకోవడానికి, సంగీతం నేర్చుకోవడానికి మున్సిపాలిటీ డబ్బులిచ్చింది. దేశం చిన్నది, డబ్బున్నది, మనకి పూర్తిగా సరిపోదు, అది ఒప్పుకుంటా. అయినా సాయంత్రం ఆరు నుంచి తొమ్మిది దాకా మన కుర్రోళ్ళకి ఏం పని ఉంది? గ్రౌండ్ ఉన్న ఊళ్ళో గ్రౌండ్‌ని పెళ్ళిళ్ళకి అద్దెకిచ్చేశారు.

పాలకొల్లు నాన్న:
మాస్టారూ, కొంతమంది ఇంకో వాదన తెస్తున్నారు, నిన్న కమిటీలో కూడా వచ్చింది. "ఇంట్లోనే నా ముందు ఒక బీరు తాగించి పద్ధతి నేర్పితే బయట తాగడు" అని. చదువుకున్నవాళ్ళే అంటున్నారు. దీనికేం చెప్పాలి?

భీమవరం నర్సమ్మ:
నేను చెప్తా. ఆస్ట్రేలియాలో దాదాపు రెండువేలమంది పిల్లల్ని ఆరేళ్ళపాటు గమనించి 2018లో ఫలితాలు వేశారు. ఇంట్లో అమ్మానాన్నా పోసిన పిల్లలకి ఏ రక్షణా దొరకలేదు. పైగా వాళ్ళు తర్వాత బయటివాళ్ళ దగ్గర తీసుకోవడం ఎక్కువైంది. పద్ధతిగా తాగడం నేర్పడం అన్నది నాన్నలు తమకి తాము చెప్పుకునే కబురు. ఇంకో లెక్క: అమెరికాలో 15 ఏళ్ళలోపు మొదలుపెట్టినవాళ్ళలో దాదాపు 40 శాతం మంది జీవితంలో ఎప్పుడో ఒకప్పుడు మందుకి బానిసలయ్యారు, ఇరవై దాటాక మొదలుపెట్టినవాళ్ళలో 10 శాతం. మొదలుపెట్టే వయసే దానికి కారణమని గట్టిగా అనలేం, ఇంట్లో తాగుడున్నవాళ్ళు తొందరగా మొదలుపెడతారు కూడా. కానీ బీరు బాటిల్ పట్టుకుని ప్రయోగం చేయడానికి నా కొడుకు దొరకడు.

అందరూ మందు, గంజాయి అంటున్నారు గానీ చిన్నపిల్లల విషయంలో వైట్నరు, పంక్చర్ సొల్యూషన్ మర్చిపోతున్నారు. 2019 జాతీయ సర్వేలో పీల్చే మత్తు 10-17 ఏళ్ళవాళ్ళలో 1.17 శాతం, పెద్దవాళ్ళలో 0.58. పెద్దలకంటే పిల్లల్లో ఎక్కువ వాడకం ఉన్నది ఇదొక్కటే. జేబురుమాలుకి రసాయనం వాసన, మూతి చుట్టూ పొక్కులు, ఇవి కనపడితే కొట్టకండి. 14446కి ఫోన్ చేయండి, అది మత్తు మాన్పించే సలహాల కోసం. గంజాయి అమ్మేవాళ్ళ సమాచారం ఇవ్వాలంటే 1972. రెండూ వేరు, కలపకండి, కొడుకు కోసం ఫోన్ చేస్తే పోలీసులొస్తారని చాలామంది భయపడి ఏదీ చేయరు.

లెక్కల మాస్టారు:
చివరగా ఎవరు నడుపుతారన్నది కూడా తేల్చుకోండి. బీహార్ బళ్ళలో పిల్లల మానసిక ఆరోగ్యం, గొడవల మీద ఒక పెద్ద పరీక్ష జరిగింది, 2018లో వచ్చింది. ఒకే కార్యక్రమం, టీచర్లు నడిపినచోట ఫలితం లేదు, శిక్షణ ఇచ్చిన బయటి మనిషి నడిపినచోట బాగా వచ్చింది. మత్తు మీద కాదు ఆ పరీక్ష, అయినా నేను టీచర్నై చెప్తున్నా, మాకు అప్పగించకండి. ఫోటో తీసి యాప్‌లో ఎక్కించడంతో సరిపెడతాం. పక్క ఊరి ఆశా అక్కకో, డిగ్రీ చదివిన కుర్రాడికో శిక్షణ ఇప్పించండి. మొదలుపెట్టేముందు పేర్లు లేకుండా పిల్లల్ని అడిగి రాసుకోండి, ఏడాది తర్వాత మళ్ళీ అడగండి, క్లాసులు లేని పక్క బడితో పోల్చండి. లేకపోతే పనిచేసిందో లేదో ఎవరికీ తెలీదు.

పాలకొల్లు నాన్న:
సరే. నాన్నలకి విడిగా గది, పిల్లల చేత బాటిల్ తెప్పించకూడదన్న ఒప్పందం మొదటి రోజే, అమ్మమ్మలున్న వీధుల్లో అరుగు మీదే క్లాసు. బెల్టు షాపు మీద అర్జీ కూడా అదే రోజు సంతకాలు పెట్టించి ఎక్సైజ్ వాళ్ళకి ఇస్తాం. కమిటీలో ఇదే పెడతా. గట్టు గారూ, మీవాడూ తొమ్మిదే కదా, మీ ఊళ్ళో మొదలెడితే మీరొస్తారా?

చెరువు గట్టు:
ఆదివారం రొయ్యల పట్టుబడులుంటాయి, కుదరదు. సోమవారం సాయంత్రం పెడితే వస్తా, ఆయ్. కానీ నాన్నల గదిలో మా సర్పంచ్ గారూ కూర్చోవాలి. బెల్టు షాపు నడిపేది వాళ్ళ బామ్మర్దే.