కన్వెక్షన్ మైక్రోవేవ్‌లో స్టీలు స్టాండు పెట్టొచ్చా, పెట్టకూడదా?

కొత్తవంటిల్లు:

మా ఇంటికి కన్వెక్షన్ ఉన్న మైక్రోవేవ్ ఓవెన్ వచ్చింది. దాంతో ఇచ్చిన పుస్తకంలో ఒకచోట లోహపు గిన్నెలు పెట్టకూడదని పెద్ద అక్షరాల్లో ఉంది. అదే అట్టపెట్టెలో పొడుగు కాళ్ల స్టీలు స్టాండు కూడా ఉంది! కేకుకి అల్యూమినియం టిన్ను వాడమని ఒకరు, గాజు గిన్నె తప్ప ఇంకేదీ పెట్టొద్దని ఇంకొకరు. ఖాళీగా ఆన్ చేస్తే పాడవుతుందంటారు, మరి ప్రీహీట్ చేయడమంటే ఖాళీగా ఆన్ చేయడమే కదా? వంట అయిపోయాక కూడా లోపల ఫ్యాను తిరుగుతూనే ఉంటోంది. ఎనిమిదేళ్ల మా బాబు పాలు తనే వేడి చేసుకుంటానంటున్నాడు. వాడి చేతికి ఇచ్చేముందు ఇవన్నీ నాకు స్పష్టంగా తెలియాలి. వాడినవాళ్లు కాస్త చెప్పండి.

కేకులపొయ్యి:

కేకుకి అల్యూమినియం టిన్నే పెట్టండి, చక్కగా ఉడుకుతుంది. అయితే కన్వెక్షన్ మోడ్‌లో, అంటే వేడిగాలితో వండేటప్పుడు మాత్రమే. ప్రీహీట్ కూడా ఆ మోడ్‌లోనే చేస్తాం కాబట్టి ఖాళీగా ఉన్నా ఏమీ కాదు. బటర్ పేపరు వేస్తే అంచులు టిన్ను బయటికి రాకుండా కత్తిరించండి. ఫ్యాను గాలికి వదులుగా ఉన్న కాగితం లేచి లోపల ఎర్రగా కాలే కాయిల్‌కి తగిలిందంటే అంటుకుంటుంది. ఆ పేపరు ఎన్ని డిగ్రీల వరకు తట్టుకుంటుందో దాని పెట్టె మీదే ఉంటుంది.

రిపేరుబెంచి:

నేను ఇవి బాగుచేసే పనిలోనే ఉన్నానండి. మీ పుస్తకంలో తప్పేమీ లేదు. అది చూడ్డానికి ఒక్క ఓవెనే గానీ లోపల రెండు వేరువేరు యంత్రాలున్నాయి. మైక్రోవేవ్ మోడ్‌లో మాగ్నెట్రాన్ అనే భాగం 2450 మెగాహెర్ట్జ్ తరంగాలు పుట్టిస్తుంది, అవి పదార్థంలోని తేమను కదిపి వేడెక్కిస్తాయి. కన్వెక్షన్‌లో మాగ్నెట్రాన్ పని చేయదు. కాయిల్ ఎర్రబడుతుంది, ఫ్యాను ఆ వేడిగాలిని లోపలంతా తిప్పుతుంది. కాబట్టి ముందు మోడ్ ఏదో చూసుకుని, ఆ తర్వాత గిన్నె తీయండి.

మైక్రోవేవ్‌లో లోహం వద్దు. బంగారు అంచు ఉన్న పింగాణీ కప్పు కూడా వద్దు, ఆ గీత వెంటే నిప్పురవ్వలు లేస్తాయి. ఖాళీగా నడపకూడదన్నది కూడా ఈ మోడ్‌కే. తరంగాల్ని పీల్చుకునే పదార్థం లేకపోతే అవి తిరిగి మాగ్నెట్రాన్ మీదికే వస్తాయి. కన్వెక్షన్‌లో లోహం నిక్షేపంగా పెట్టొచ్చు, ప్లాస్టిక్ మాత్రం ఏదైనా సరే వద్దు. కాంబినేషన్‌లో రెండూ నడుస్తాయి కాబట్టి వేడిని తట్టుకునే గాజు గిన్నే వాడండి. ఆ మోడ్‌లో వాళ్లిచ్చిన స్టాండు పెట్టొచ్చో లేదో పుస్తకంలో ఆ మోడ్ కింద ఏం రాశారో అదే పాటించండి.

నా దగ్గరికి వచ్చే ఓవెన్లలో తరచూ కనిపించేది ఇంకొకటి ఉంది, దీని గురించి ఎవరూ చెప్పరు. కేకు 180 డిగ్రీల్లో అయింది, తీసేశారు. వెంటనే అందులోనే ప్లాస్టిక్ డబ్బాతో కూర పెట్టి మైక్రోవేవ్ నొక్కుతారు. మోడ్ సరైనదే, డబ్బా మీద మైక్రోవేవ్ సేఫ్ అని కూడా ఉంది. కానీ గాజు పళ్లెం, గోడలు ఇంకా కాలిపోతూనే ఉంటాయి. అలాంటి డబ్బాలు ఎక్కువగా పాలీప్రొపిలీన్ అనే ప్లాస్టిక్‌తో చేస్తారు. అది 160 డిగ్రీల దగ్గర కరుగుతుంది, అంతకంటే ముందే మెత్తబడి అడుగు పళ్లేనికి అతుక్కుపోతుంది. కన్వెక్షన్ అయ్యాక తలుపు తీసి పూర్తిగా చల్లారనివ్వండి. తొందరుంటే గాజు గిన్నెలోకి మార్చి పెట్టండి. వేడి పళ్లెం మీద చన్నీళ్లు మాత్రం పోయకండి, పగులుతుంది.

ఫ్యాను తిరగడం మంచిదే, లోపలి భాగాలు చల్లబడాలి. అదే ఆగేదాకా ప్లగ్ పీకకండి. గాలి రంధ్రాలకు అడ్డంగా గుడ్డలు, డబ్బాలు పెట్టొద్దు. పైన, వెనక ఎంత ఖాళీ వదలాలో పుస్తకంలో ఉన్న కొలతే పాటించండి. కన్వెక్షన్ చాలా కరెంటు లాగుతుంది కాబట్టి ఎర్త్ ఉన్న సొంత సాకెట్‌కే పెట్టండి. ఎక్స్‌టెన్షన్ బాక్సు వద్దు.

లోపలి గోడకి బూడిదరంగు అట్టముక్కలాంటిది ఉంటుంది చూడండి, అది మైకా షీటు. ప్యాకింగ్ అట్ట అనుకుని పీకేసినవాళ్లు ఉన్నారు. అది ఉండాల్సిందే. దాని మీద నూనె చింది మాడితే అక్కడే చిటపటమంటూ మెరుపులొస్తాయి. కాబట్టి మెత్తటి తడిగుడ్డతో తుడుస్తూ ఉండండి. మాడి చిల్లు పడితే వాడకం ఆపి కొత్తది వేయించండి.

వెనక మూత మాత్రం ఎవరూ విప్పకండి, ప్లగ్ తీసి ఉన్నా సరే. కెపాసిటర్‌లో వేల వోల్టుల ఛార్జి నిలిచి ఉండొచ్చు, ప్రాణం తీస్తుంది.

అమ్మచేతిచెంచా:

బాబు పాలు అన్నారు కాబట్టి చెబుతున్నాను. నున్నటి కప్పులో నీళ్లు ఎక్కువసేపు పెడితే 100 డిగ్రీలు దాటినా ఒక్క బుడగ రాదు. చూస్తే మామూలు నీళ్లే. అందులో చెంచా పెట్టగానే, పొడి వేయగానే భగ్గున పొంగి చేతుల మీద పడతాయి. ముందే ఒక చెక్క చెంచా వేసి ఉంచండి, ఆగాక అర నిమిషం ముట్టుకోవద్దు. పాలైతే సగం టైముకు తీసి కలపాలి, ఒకచోట గోరువెచ్చగా, పక్కనే పొగలు కక్కుతూ ఉంటాయి. గుడ్డు పెంకుతో, బిగించిన మూతతో ఏదీ పెట్టనివ్వకండి. ఎప్పుడైనా లోపల మంట కనిపిస్తే తలుపు తీయకూడదని బాబుకి ఇప్పుడే నేర్పండి. గాలి తగిలితే మంట పెరుగుతుంది. స్విచ్ ఆపేసి, ప్లగ్ తీసి, అది ఆరేదాకా మూసే ఉంచాలి.

కొత్తవంటిల్లు:

చాలా ధన్యవాదాలండీ. స్టాండు సంగతి ఇప్పుడు అర్థమైంది. ఇంకొక్కటి. టైము అయ్యేలోపే వాడు మధ్యలో తలుపు లాగేస్తాడు. తరంగాలు బయటికి వస్తాయా?

రిపేరుబెంచి:

రావండి. తలుపు కదలగానే లోపలి స్విచ్‌లు మాగ్నెట్రాన్‌కి కరెంటు కట్ చేస్తాయి, తరంగాలు అక్కడితో ఆగిపోతాయి. అద్దంలో ఉన్న జాలీ కూడా వాటిని ఆపడానికే. ఆ తరంగాల పొడవు సుమారు 12 సెంటీమీటర్లు, జాలీకి ఉన్న చిన్న చిల్లుల్లోంచి అవి దూరలేవు. అయితే తలుపు సరిగ్గా మూసుకోకపోయినా, గొళ్లెం వదులైనా, అంచు వంగినా వాడకండి, మెకానిక్‌కి చూపించండి. బాబు తలుపు మీద బరువు వేసి వేలాడకుండా చూసుకోండి. కన్వెక్షన్ నడిచేటప్పుడు తలుపు అద్దం బయటివైపు కూడా కాలుతుంది. అప్పుడు వాణ్ని దగ్గరికి రానివ్వకండి.