బెనిఫిట్ ఆఫ్ డౌట్ (నేరం మీద సందేహం మిగిలితే నిందితుడికే అనుకూలంగా తీర్పివ్వడం) కింద విడుదలైనవాణ్ని "నిర్దోషి" అనకూడదా?

గట్టుమీద:
మా తమ్ముడు ఒక సహకార సొసైటీలో క్లర్కు. క్యాష్ తగ్గిందని 408 సెక్షన్ (ఉద్యోగి నమ్మకద్రోహం) కింద కేసు పెట్టారు, ఆరేళ్లు వాయిదాలకి తిరిగాడు, పోయిన నెల కోర్టు కొట్టేసింది. నాన్న తీర్పు ఆఖరి పేజీ జిరాక్స్ తీయించి, లామినేషన్ చేయించి, చేతిసంచిలో పెట్టుకుని అడిగినవాళ్లకీ అడగనివాళ్లకీ చూపిస్తున్నారు. మొన్న సంబంధం వాళ్లు అది చదివి, "సందేహానికి తావులేకుండా రుజువు కాలేదని ఉంది కదండీ, తప్పు చేయలేదని ఎక్కడుంది?" అన్నారు. నాన్న ఆ కాగితం సంచిలో పెట్టుకోవడానికి రెండుసార్లు తడబడ్డారు. ఊళ్లో కూడా "కేసులోంచి బయటపడ్డాడు" అంటున్నారే గానీ "వాడి తప్పేం లేదట" అని ఒక్కరూ అనట్లేదు. నా దృష్టిలో రెండూ ఒకటే. కాదనేవాళ్లు ఎందుకో చెప్పండి.

కోర్టుమెట్లు:
అమ్మా, ముందు "కొట్టేసింది" అనే మాట మానేయండి, మీవాడికి నష్టం చేస్తున్నది అదే. విచారణ మొదలవకముందే ఆధారాల్లేవని వదిలేస్తే డిశ్చార్జ్. హైకోర్టు ఎఫ్‌ఐఆర్‌నే రద్దు చేస్తే క్వాష్. సాక్షుల్ని విచారించి వదిలితే అక్విటల్. పేపర్లలో మూడింటికీ "కేసు కొట్టివేత" అనే వస్తుంది. డిశ్చార్జ్ అయినవాడి మీదకి కొత్త ఆధారాలతో కేసు మళ్లీ రావచ్చు. అక్విటల్ అయినవాణ్ని అదే నేరానికి మళ్లీ విచారించరు, అవతలివాళ్లు అప్పీలుకి వెళ్లాల్సిందే. బెనిఫిట్ ఆఫ్ డౌట్ ఇచ్చారా, ఇంకోలా వదిలారా అని చట్టం తేడా చూపించదు. ధైర్యంగా నిర్దోషి అనండి.

పాతడెస్కు:
చట్టం తేడా చూపించదన్నారు గానీ ఉద్యోగం ఇచ్చేవాళ్లు చూపిస్తారు. 2012లో తమిళనాడు కానిస్టేబుల్ ఒకాయన కేసులో సుప్రీంకోర్టు ఏమందంటే, "గౌరవప్రదమైన విడుదల", "పూర్తిగా నిందావిముక్తి" లాంటి మాటలు అసలు చట్టంలోనే లేవు, కోర్టులు వాడుకలోకి తెచ్చినవి అని. ఆయన క్రిమినల్ కేసులో విడుదలైనా శాఖాపరమైన విచారణ మీద ఉద్యోగం పోయింది, సుప్రీంకోర్టు దాన్నే ఖాయం చేసింది. నేను పేపర్ డెస్కులో ఉన్నప్పుడు "నిర్దోషి", "క్లీన్ చిట్" ఇష్టమొచ్చినట్టు వాడేవాళ్లం, ఇప్పుడు తలుచుకుంటే బాధగా ఉంటుంది. పోలీసులు ఆధారాల్లేవని రిపోర్టు ఇస్తే చాలు క్లీన్ చిట్ అని పెట్టేసేవాళ్లం, దాన్ని మేజిస్ట్రేట్ ఒప్పుకోకుండా మళ్లీ దర్యాప్తు చేయమనొచ్చు కదా! అసలు కోర్టు తేల్చేది "దోషి కాదు" అన్నంతవరకే. నిర్దోషి అంటే దోషమే లేనివాడు. ఆ రెండో మాట చెప్పే పని కోర్టుది కాదు.

చవితిచంద్రుడు:
తెలుగువాళ్లకి దీనికి చక్కటి మాట ఉంది, నింద పోవడం. శమంతకమణి కథ ఏటా చవితికి వింటాం. కృష్ణుడు ప్రసేనుణ్ని చంపి మణి కాజేశాడని సత్రాజిత్తు ప్రచారం చేశాడు. కృష్ణుడు అడవికి పోయి, జాంబవంతుడితో 28 రోజులు పోరాడి, మణి తెచ్చి, నలుగురిలో సత్రాజిత్తు చేతికిచ్చాడు. అప్పుడు పోయింది నింద. విడుదలవడం వేరు, నింద పోవడం వేరు. పాతడెస్కు గారు చెప్పిందే నిజం.

గట్టుమీద:
కృష్ణుడికి మణి దొరికిందండీ. దొరకనివాడి గతేంటి? ఆ డబ్బు ఎవరు తీశారో మావాడికి తెలియదు, పోలీసులకి తెలియదు, అసలు తగ్గిందో లెక్క తప్పిందో కూడా తేలలేదు. తీయలేదని వాడు ఏం తెచ్చి చూపించాలి? నేరం రుజువు చేసే బాధ్యత కేసు వేసినవాడిదే అనే నియమం ఇలాంటివాళ్ల కోసమే కదా ఉంది. మీ లెక్కన అసలు దొంగ దొరికేదాకా వాడు సగం దొంగగానే బతకాలి.

చవితిచంద్రుడు:
ఇది ఒప్పుకోవాల్సిందే. నేను కృష్ణుడి పక్కనుంచే చూశాను. కానీ ఆ కథలోనే ఇంకో సంగతుంది చూడండి, సత్రాజిత్తు సిగ్గుపడి తన తప్పు ఒప్పుకున్నాడు. నింద వేసినవాడే వెనక్కి తీసుకున్నాడు. మీ ఊళ్లో ఆ పని ఎవరూ చేయలేదు.

కోర్టుమెట్లు:
తమ్ముడు ఎక్కడైనా ఉద్యోగానికి అప్లికేషన్ పెడితే, "మీపై కేసులున్నాయా" అన్న చోట దాచొద్దని చెప్పండి. 2016లో సుప్రీంకోర్టు దీనిమీద స్పష్టంగా చెప్పింది, దాచడమే పెద్ద సమస్యవుతుంది. నిజం రాసినా పరిశీలించే హక్కు వాళ్లకుంటుంది, అది వేరే విషయం. కేసు నంబరు, తీర్పు తేదీ వేసి "విచారణ అనంతరం నిర్దోషిగా విడుదల" అని పూర్తిగా రాయమనండి. ఆఖరి పేజీ ఒక్కటే కాదు, సాక్షులు ఏం చెప్పారో ఉన్న పేజీలు కూడా జత చేయమనండి.

గట్టుమీద:
పేజీలన్నీ ఇవాళే తీయించాను. సాక్షి ఒకాయన క్రాస్‌లో (మా లాయరు ఎదురు ప్రశ్నలు వేసినప్పుడు) "తాళంచెవులు ఇద్దరి దగ్గర ఉండేవి" అని ఒప్పుకున్నది పదకొండో పేజీలో ఉంది, ఇన్నాళ్లూ మేమే చదవలేదు. చంద్రుడు గారి మాట నాన్నకి చదివి వినిపించాను. వచ్చే సొసైటీ మీటింగుకి ఆ పేజీ పట్టుకెళ్తారట, ఫిర్యాదు ఇచ్చినాయన్ని అందరిముందూ లేచి ఒక్క మాట చెప్పమని అడుగుతారట.