కత్రినా ఫొటోల కింద రాతలు: వివక్షా, కాకతాళీయమా?

పర్లాకిమిడి_మాస్టారు: 2005 ఆగస్టులో కత్రినా తుఫానుకి అమెరికాలో న్యూ ఆర్లీన్స్ మునిగినప్పుడు యాహూ న్యూస్‌లో రెండు ఫొటోలొచ్చాయి. రెంటిలోనూ ఛాతీ లోతు నీళ్లు, చేతుల్లో సరుకులు. కింద రాతల్లో మాత్రం, నల్లజాతి కుర్రాడు కిరాణా కొట్టు లూటీ చేసి వస్తున్నాడట. తెల్లవాళ్లిద్దరికేమో బ్రెడ్డు, సోడా ‘దొరికాయి’ట. ఇది వివక్ష కాదూ?

బరంపురం_సూరి: సగమే చెప్పారు మాస్టారూ. మొదటిది అసోసియేటెడ్ ప్రెస్ అనే వార్తాసంస్థది, రెండోది ఏఎఫ్‌పీ అనే ఇంకో వార్తాసంస్థ ద్వారా వచ్చింది. కుర్రాడు కొట్లోకెళ్లి తేవడం కళ్లారా చూశానని ఒక ఫొటోగ్రాఫర్, సరుకులు నీళ్లమీద తేలుతుంటే తీసుకున్నారని రెండో ఆయన. మనిషికో తీరు రాశారు, అంతే.

పర్లాకిమిడి_మాస్టారు: తేలే సరుక్కి యజమాని ఉండడా? సరే, అక్కడ జనం తలదాచుకున్న సూపర్‌డోమ్ స్టేడియంలో హత్యలు, మానభంగాలని ఊదరగొట్టారే, చాలావరకు పుకార్లని తేలింది. సెప్టెంబరు 4న ఆ ఊళ్లోనే డాంజిగర్ వంతెన మీద పోలీసులు కాల్చిన నల్లవాళ్ల దగ్గర ఆయుధాల్లేవు. ఇద్దరు పోయారు.

బరంపురం_సూరి: వంతెన గురించి అడిగానా? ఫొటోల సంగతి చెప్పండి.

గుణుపురం_పిల్ల: మళ్లీ మొదలెట్టారూ!

బరంపురం_సూరి: రంగూ లేదు, ఏం లేదు. 2018 అక్టోబరు 11న తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటింది. ఒడిశా గజపతి జిల్లా కాశీనగర్‌లో మా మావయ్య ఇంట్లోకి వంశధార వచ్చేసింది. బియ్యం బస్తాలు ఉబ్బి కుట్లు తెగాయి. తెలుగు చానెళ్లు ఉద్దానం కొబ్బరితోటలు దాటి రాలేదు. ఒడియా చానెళ్లకి మేం తెలుగోళ్లం. మాకు జరిగింది ఏ వివక్షండీ?

సవర_యువ: సూరిగారూ, అదే తుఫానుకి అదే గజపతి జిల్లా బరఘరాలో, వానకి గుహలో తలదాచుకున్నవాళ్ల మీద కొండచరియ పడి పదిమందికి పైగా పోయారు. తిత్లీ అనగానే మావయ్యగారి బస్తాలే చెప్తారు. ఆ ఊరి పేరెప్పుడైనా ఎత్తారా?

బరంపురం_సూరి: మా ఇంటి బాధ చెప్పుకోకూడదా?

సవర_యువ: చెప్పుకోండి. పరిహారం లైన్లో “కొండోళ్లు అటు నిలబడండి” అని మా అమ్మని గెంటింది మీ తెలుగోళ్లే. మైకు పట్టుకొచ్చినవాడు కూడా ఇస్త్రీ చొక్కాలవాళ్లనే అడిగి పోయాడు.

బరంపురం_సూరి: మీ తెలుగోళ్లు ఏంటి? నువ్వు రాసేది ఏ భాష మరి?

సవర_యువ: సంతలో నేర్చుకున్నది. నేర్చుకున్నానని లైన్లో ముందుకి రానిచ్చారా?

గుణుపురం_పిల్ల: సూరన్నా, ఆ లైను నేనూ చూశాను. ఆ అబ్బాయి అన్నది నిజమే.

బరంపురం_సూరి: నేను లేని లైనుకి నన్నెందుకు నిలదీస్తారు? ఫొటోలు తీసింది ఇద్దరు. ఆ మాట మీదే ఉన్నాను. బరఘరా గురించి వేరే చర్చ పెట్టుకోండి.